వెంట్రుకవాసి దానయ్య, దావూజీ తుపాకీ

దానయ్య మిస్త్రీ తన జన్మలో ఏ పని గురించీ "అయిపోయింది" అని ఎరగడు. "ఇంకో వెంట్రుకవాసి ఉంది" అనేవాడు. ఆ మాట మనమూ అంటాం. మనం మాటవరసకి అంటాం. ఆయనకది కొలత.

ఆయన దగ్గర ఒక నశ్యం డబ్బా ఉండేది. నశ్యం అలవాటు మాత్రం లేదు. డబ్బాలో కాగితం మడతల మధ్య వెంట్రుకలుండేవి. ముతక కొలతకి భార్య పైడమ్మది, సన్న కొలతకి నాది. రెండు ఇనుప ముక్కలు అతికాయో లేదో చూడాలంటే వాటి మధ్య ఒక వెంట్రుక పెట్టి మెల్లగా లాగేవాడు. జారి వచ్చేస్తే సందు ఉన్నట్టు, తెగితే బిగువెక్కువైనట్టు, గీరుకుంటూ వస్తే పని దగ్గరపడ్డట్టు. సొంత జుట్టు ఉంటే నా తల జోలికి వచ్చేవాడు కాదు గానీ, ఆయన తల తోమిన రాగి చెంబు. పొద్దున్నే నేను పార్సిలాఫీసుకి బయల్దేరుతుంటే వెనకనుంచి వచ్చి, "కదలకు సూరిబాబూ" అని ఒకటి పీకి, వెలుతురుకి ఎత్తి చూసుకుని, "మంచి సరుకు" అని మెచ్చుకుని పోయేవాడు. నా జుట్టుని అలా మెచ్చుకున్న మనిషి ఈ భూమ్మీద ఇంకొకరు లేరు.

రాయ్‌పూర్ స్టేషను వెనక మా రైల్వే క్వార్టర్లలో సగం మంది శ్రీకాకుళం వాళ్లు, మిగతా సగం విజయనగరం, బొబ్బిలి. దానయ్యది బొబ్బిలి పక్క పల్లె. వరసలేమీ లేకపోయినా నేను మావయ్యా అనేవాణ్ని, పైడమ్మని అత్తా అనేవాణ్ని. వానాకాలంలో క్వార్టర్ల తలుపులన్నీ ఉబ్బి బిగుసుకునేవి. అందరూ ఒక తన్ను తన్ని తెరుచుకునేవారు. దానయ్య మాత్రం చిత్రిక తీసి వెంట్రుకవాసి చొప్పున రోజూ గీకేవాడు. ఎండాకాలం వచ్చి చెక్క ఆరేసరికి ఆ తలుపు కిందనుంచి వీధికుక్క లోపలికొచ్చి, అత్త ఆరబెట్టిన అప్పడాలు తిని, వచ్చిన దారినే పోయింది.

అత్త నెత్తి కొట్టుకుంటే దానయ్య వంగి ఆ సందు కొలిచి, "ఆ కుక్కే ఎంట్రుకవాసి సన్నంగుంది" అన్నాడు.

ఒక వకీలుగారి గోడగడియారం బాగుచెయ్యడానికి తీసుకున్నాడు. రోజుకి రెండు నిమిషాల తేడా అరనిమిషానికి వచ్చింది. అది చాలని వకీలుగారన్నారు. చాలదని ఈయనన్నాడు. ఈ లోపల వకీలుగారు జడ్జీ అయి వేరే ఊరు వెళ్లిపోయారు. గడియారం పద్నాలుగు నెలల తర్వాత పార్సిల్లో వెళ్లింది, నేనే బుక్ చేశాను. పెళ్లినాడు మూడో ముడి వేసి, వేలితో తడిమి చూసి, విప్పి మళ్లీ వెయ్యనివ్వమని పురోహితుణ్ణి అడిగాడట. ఇది అత్త చెప్పిన మాట. దానయ్య ఎప్పుడూ కాదనలేదు. "ఇప్పటికీ ఓ పక్కకుంటాది" అనేవాడు, ఆవిడ మెడవంక చూస్తూ.

షెడ్డులో ముప్పై ఏళ్లు ఫిట్టరుగా చేశాడు. ఆయన చెయ్యి పడ్డ ఇంజను దారిలో ఆగిన దాఖలా లేదు. తొందరగా దారిలో పడ్డ దాఖలా కూడా లేదు. రిటైరయ్యాక సదర్ బజారు పక్క సందులో ఒక సేఠ్ తుపాకుల దుకాణంలో కుదిరాడు. లైసెన్సు సేఠ్‌ది, చెయ్యి దానయ్యది. వీధి నుంచి మూడు రాతిమెట్లెక్కితే దుకాణం. సాయంత్రం డ్యూటీ దిగి నేను అక్కడికి పోయి బల్లమీద కూర్చునేవాణ్ని. ఆయన పనిచేస్తూ మాట్లాడేవాడు, నేను వినేవాణ్ని. నా చదువు ఐదో తరగతి. ఆ తర్వాతదంతా అక్కడా ఇక్కడా ఏరుకున్నది. అందులో పెద్ద మూట ఆ బల్లమీద దొరికింది.

ఆ దుకాణానికే వచ్చాడు పరదేశి దావూ.

మందిర్ హసౌద్ దాటాక రెండు కోసుల దూరంలో ఆయన ఊరు. దావూ అంటే ఆ వైపు పెద్ద రైతుని పిలిచే గౌరవపు పిలుపు. జనం దావూజీ అనేవారు. ఆరడుగుల మనిషి, తెల్లటి మీసం, డెబ్బై దాటిన వయసు. అంతకు రెండేళ్ల కిందట మాల్‌గుజారీలు, అంటే అక్కడి జమీందారీలు, రద్దయి, ఊరిమీద ఆయన పెత్తనం పోయింది. పోనిదొక్కటే. వరి పొట్టకొచ్చే వేళకి అడివి పందులు చేలలో పడితే ఊరంతా వచ్చి, "దావూజీ, పంట మీ చేతిలో ఉంది" అని దణ్ణం పెట్టేవారు. నలభై ఏళ్లుగా ఆ కాపలా ఆయనదే. ఆ దణ్ణం కూడా పోతే ఇంక తాను ఇంట్లో మంచం మీద ముసలాడే. ఈ మాట ఆయన ఎవరితోనూ అనలేదు గానీ, తుపాకీని బల్లమీద దించిన తీరులోనే తెలిసిపోయింది. పసిపిల్లని వైద్యుడి ముందు పడుకోబెట్టినట్టు దించాడు.

దేశం విడిచి పోతున్న ఒక దొర దగ్గర కొన్న అమెరికా తుపాకీ అది. మీట నొక్కితే ఒక తూటా పేలుతుంది. పేలిన ఊపుకి ఖాళీ తూటా డొప్పని తనే బయటికి విసిరేసి ఇంకో తూటా తనే ఎక్కించుకుంటుంది. మళ్లీ నొక్కడమే మన వంతు. వచ్చిన చిక్కల్లా ఆ కొలత తూటాలు ఇప్పుడు ఎక్కడా దొరకడం లేదు. రాయ్‌పూర్‌లో దొరికే తూటాకి తగ్గట్టు బోరు, అంటే గొట్టం లోపలి వెడల్పు, మార్చాలి.

"ఎన్నాళ్లు పడుతుంది మిస్త్రీ?" అని అడిగాడు దావూజీ, తన ఛత్తీస్‌గఢీలో.

సేఠ్ నెల అన్నాడు. దానయ్య నా తలవంక చూశాడు.

కచేరీకి బోరు మార్పిడి అర్జీ నేనే రాశాను. అనుమతి వచ్చింది, కలకత్తా నుంచి కొత్త గొట్టం వచ్చింది, తుపాకీతో దొర ఇచ్చిన ఇంగ్లీషు పుస్తకం కూడా ఉంది. అసలు కథ అక్కడ మొదలైంది. ఆ పుస్తకం చదివి చెప్పమన్నాడు దానయ్య. నాకు వచ్చిన ఇంగ్లీషు పార్సిలు చీటీల మీదది: పైకి ఇటు, జాగ్రత్త, గాజు. నిఘంటువు కొనుక్కుని రోజుకి నాలుగు వాక్యాలు విప్పేవాణ్ని. నేను విప్పిన వాక్యాన్ని ఆయన ఇనుములో సరిచూసేవాడు. "పుస్తకం రైటే" అనేవాడు ఒక్కోసారి. ఒక్కోసారి, "నువ్వు సదివిందాన్లో ఎక్కడో తప్పుంది, ఇనుం అలాగనట్లేదు" అనేవాడు. మళ్లీ నిఘంటువు తీస్తే, తప్పు నాదే అయ్యేది. తర్వాత నేను డిపార్టుమెంటు పరీక్ష గట్టెక్కి గుమాస్తానయ్యానంటే అది ఆ తుపాకీ పెట్టిన భిక్ష.

గొట్టం మారింది గానీ తుపాకీ మారలేదు. కొత్త తూటా ఊపు దానికి అలవాటు లేదు. ఒకటి పేల్చి, రెండోది నోట్లో పెట్టుకుని మింగకుండా కూర్చునేది, జొరం పిల్లాడు మాత్ర పెట్టుకున్నట్టు. దానయ్య ఆ నోరు తెరిచి, అత్త వెంట్రుక, నా వెంట్రుక మార్చి మార్చి పెట్టి చూసేవాడు.

దావూజీ ప్రతి సంతరోజూ ఎడ్లబండిలో వచ్చేవాడు. వెంట తమ్ముడి కొడుకు బిసాహు. ముప్పై ఏళ్ల పొట్టి మనిషి. వేటలో దావూజీ వెనక తుపాకీ మోసేవాడని అతని పేరు కూడా లైసెన్సులో ఎక్కి ఉంది. పెదనాన్న ముందు నోరు తెరిచి ఎరగడు. దావూజీ బల్లమీద కూర్చుని, "కా మిస్త్రీ, బన్ గే?" అనేవాడు. అయిందా అని.

దానయ్య తల ఎత్తకుండా, "ఏక్ బాల్ బాకీ హై, దావూజీ" అనేవాడు. ఇంకో వెంట్రుక మిగిలుంది.

ఏడాది తిరిగేసరికి ఆ మాట బజారంతా పాకింది. దర్జీని చొక్కా అడిగితే ఏక్ బాల్ బాకీ. హల్వాయిని జిలేబీ అడిగితే ఏక్ బాల్ బాకీ. ఆ ఏడు పంట పందులు తినేశాయి. దావూజీ మాత్రం ఊళ్లో తలెత్తుకునే చెప్పాడట: నా తుపాకీ తెలుగు మిస్త్రీ దగ్గరుంది, నేనేం చెయ్యను.

రెండో ఏడు హోలీ నాటికి తుపాకీ లొంగింది. సేఠ్ పరీక్ష చేయించాడు. నా కళ్లముందే ఐదు తూటాలు ఒకదాని వెనక ఒకటి, ఎక్కడా తడబడకుండా పేలాయి. ఇంక మిగిలింది భుజానికి ఆనించే చెక్క. కుందా అంటారు దాన్ని. పాతది పగిలిపోయింది కనక కొత్తది దావూజీ చేతుల పొడుగుకి తగ్గట్టు చెయ్యాలి. సంతరోజున ఆయన్ని నిలబెట్టి, ఖాళీ తుపాకీ చేతికిచ్చి, వీధికి అవతల దర్జీ దుకాణం బోర్డుకి గురి పట్టమన్నాడు దానయ్య.

దావూజీ గురి పట్టాడు. నిలబడ్డ తీరు చూస్తే నలభై ఏళ్ల వేటగాడే. గొట్టం మాత్రం బోర్డుకి బారెడు పక్కన, రాటమీద ఉంది.

"ఇంత ఎర్రబోర్డు. పిల్లాడైనా కొట్టేస్తాడు" అన్నాడు దావూజీ.

బోర్డు నీలం. నాకు నవ్వొచ్చింది. దానయ్య నా కాలు తొక్కాడు, గట్టిగా. బిసాహు నేలచూపులు చూస్తున్నాడు. దానయ్య టేపు తీసి దావూజీ చేతిని మూడుసార్లు కొలిచాడు. తర్వాత బిసాహుని పిలిచి, ఈ తుపాకీ కాస్త పట్టుకో అని, అతను పట్టుకుని నిలబడ్డంతసేపూ అతన్ని కూడా చూశాడు.

"కా మిస్త్రీ, బన్ గే?"

"ఏక్ బాల్ బాకీ హై, దావూజీ."

ఆ సాయంత్రం ఇంటికి నడిచి వస్తూ నేనన్నాను, ఆ కళ్లతో ఆయన చేలోకి వెళ్తే పందికి ఏమీ కాదు, డప్పు కొట్టేవాళ్లకి అవుతుంది అని. చేల చుట్టూ ఊరి జనమే నిలబడి పందిని తరుముతారు. దానయ్య ఒప్పుకున్నాడు.

"మరి ఆయనకి చెప్పీయరాదా మావయ్యా?"

"ఏటని సెప్పను? నీకు కళ్లు లేవూ అనా? ఆయనకి తెల్దేటి?"

మరి అయితే తుపాకీ ఇవ్వకుండా ఉంచేసుకో అన్నాను. వెంట్రుకవాసి పేరు చెప్పి పదేళ్లు నడపగల మనిషి ఎవరైనా ఉంటే అది ఈయనే కదా. కొన్నాళ్లు అలాగే నడిచింది కూడా. హోలీ పోయింది, వానలు పడ్డాయి, వరి ఎదిగింది. కుందా చెక్క దానయ్య ఒళ్లోనే ఉండేది. చెక్కేవాడు, రుద్దేవాడు, నూనె పట్టించేవాడు. సంతరోజున దావూజీ వచ్చి తిట్టి పోయేవాడు. సేఠ్ కూడా విసుక్కున్నాడు. బజారు నవ్వింది. ఆ నవ్వంతా దానయ్య మీద పడింది గానీ దావూజీ మీద పడలేదని నాకు అప్పుడు తట్టలేదు.

దసరా వెళ్లాక బిసాహు ఒక్కడే వచ్చాడు. ఊళ్లో పంచాయతీ కూర్చుందట. కార్తీక పున్నమి లోపల దావూజీ కాపలా మొదలుపెట్టకపోతే దుర్గ్ వైపు నుంచి కూలికి షికారీని పిలుస్తారు. పెదనాన్న రెండురోజులుగా అన్నం ముట్టలేదు. వచ్చే ఆదివారం కళ్లంలో, ఊరందరి ముందు తన తుపాకీ తన చేతికి కావాలని కబురు పంపాడు. ఇస్తే చేలో ఎవడి ప్రాణమో పోతుంది. ఇవ్వకపోతే ముసలాయన పరువు పోతుంది. ఏం చేస్తావు మావయ్యా అని నేను అడిగితే దానయ్య రంపం అందుకున్నాడు.

ఆదివారం సేఠ్ ఇచ్చిన రసీదులతో, దుకాణం కాగితాలతో దానయ్య, నేను, తీసుకెళ్లడానికొచ్చిన బిసాహు, ముగ్గురం బండిలో వెళ్లాం. పైడమ్మ అత్త దారికి అటుకులు కట్టిచ్చి, "సూరిబాబూ, మీ మావయ్య అక్కడ కూడా ఎంట్రుక పీకి కొలిస్తే సెయ్యి పట్టుకుని లాక్కొచ్చీ, ఊరోళ్లు కొడతారు" అని హెచ్చరించింది.

కళ్లంలో నలభై మంది దాకా ఉన్నారు. దావూజీ కొత్త తలపాగా చుట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. దానయ్య గుడ్డ విప్పి తుపాకీ రెండు చేతులా అందించాడు. అంత అందమైన కుందా నేను చూడలేదు. టేకుచెక్క నునుపు పట్టుచీరలా ఉంది. దావూజీ లేచి నిలబడి, భుజానికెత్తాడు.

ఆనలేదు. ఆయన చేతులు ఎక్కడో, కుందా ఎక్కడో. బొటనవేలు ముక్కుకి తగిలింది.

"ఇదేమిటి మిస్త్రీ? పిల్లల బొమ్మ చేసి తెచ్చావా?"

దానయ్య చేతులు జోడించాడు. ఇంతవరకూ ఎవరూ ఆయన నోట వినని మాట విన్నాను. "గల్తీ హో గయీ, దావూజీ. కొలత తప్పాను. రెండంగుళాలు కురచ కోసేశాను."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత కళ్లం కళ్లమంతా నవ్వింది. రెండేళ్లు వెంట్రుకలు పెట్టి కొలిచి రెండంగుళాలు కురచ కోసిన మిస్త్రీ. ఊరి కాపలాదారు కొత్వాలు కూర్చున్నచోటే దొర్లాడు. నేను మాత్రం నవ్వలేకపోయాను. దావూజీ చేతిని మూడుసార్లు కొలవడం నేను చూశాను.

దావూజీ ముఖం ఎర్రబడింది. మిస్త్రీ జాతినంతా కలిపి తిట్టాడు. దానయ్య తలవంచుకుని నిలబడి, తిట్లు అయ్యాక తన వంకర హిందీలో మెల్లగా చెప్పాడు. కొత్త చెక్క తెప్పించి మళ్లీ చెయ్యాలంటే ఏడాది పడుతుంది, పంట ఆగదు. ఈ కురచ కుందా ఎవరి భుజానికి ఆనితే వాళ్లచేత మీరు పక్కన నిలబడి కాల్పించాలి. "మీట ఎవరైనా నొక్కుతారు దావూజీ. పంది ఏ గట్టు మీంచి దిగుతుందో మీకు తప్ప ఇక్కడ ఎవరికి తెలుసు?"

అది పొగడ్త కాదు, నిజం. ఊరి పెద్దలు ఔనౌనన్నారు. దావూజీ మీసం సవరించుకున్నాడు. తర్వాత, "బిసాహూ, ఇలా రా" అన్నాడు.

కుందా బిసాహు భుజానికి పుట్టినప్పటినుంచీ అక్కడే ఉన్నట్టు కూర్చుంది.

మూడోనాడు తెల్లవారగట్ల పంది కూలింది. బిసాహు తర్వాత పార్సిలాఫీసుకి వచ్చి చెప్పాడు. పెదనాన్న బిసాహు వెనక నిలబడి, అతని భుజం మీద చెయ్యేసి, చెవులు రిక్కించి విన్నాడట. ఇటు కాదు, తుమ్మచెట్టు వైపు, ఆగు, ఇంకా ఆగు, ఇప్పుడు అన్నాడట. రెండు తూటాలు. రెండోది తుపాకీ తనంతట తనే ఎక్కించుకుంది. దుర్గ్ షికారీని పిలిచే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. దావూజీ అన్నం తిన్నాడు.

ఆ కళ్లం నుంచి తిరిగొచ్చేటప్పుడే బండిలో అడిగాను. "మావయ్యా, రెండంగుళాల తప్పు నీ చేతినుంచి వచ్చిందంటే నేను నమ్మను."

దానయ్య అటుకుల మూట విప్పుతున్నాడు. "తప్పేటుంది? ఎవుడికి కొలిచానో ఆడికి సరిగ్గా కూసుంది గదా" అన్నాడు. కొంచెం నమిలి, "అత్తకి సెప్పకు. దానికి నోరాగదు" అన్నాడు.

చెప్పలేదు. ఆవిడ మాత్రం ఏడాదిపాటు మొగుడి పరువు పోయిందని కుమిలింది. నిజానికి పోయింది కూడా. ఇద్దరు ముగ్గురు తమ తుపాకులు తీసుకుని వేరే మిస్త్రీ దగ్గరికి పోయారు. దానికి కారణం ఎవరో కాదు, దావూజీయే. సంతరోజు తప్పకుండా వచ్చి బల్లమీద కూర్చునేవాడు. ఇప్పుడు తుపాకీ కోసం రావాల్సిన పని లేదు, తిట్టడానికి వచ్చేవాడు. వచ్చిన ప్రతివాడికీ మొదటినుంచి చెప్పేవాడు. ఇదిగో ఈ తెలుగు మిస్త్రీ, రెండంగుళాలు మింగేశాడు, నేను గనక మా వాడికి నేర్పి పంట కాపాడాను, ఇంకొకడైతే ఏమయ్యేది. చెప్పిన ప్రతిసారీ పంది ఒక జానెడు పెరిగేది. దానయ్య పని చేసుకుంటూ, సరిగ్గా ఆగాల్సిన చోట, "తప్పే దావూజీ" అనేవాడు.

ఆ మనిషికి నేను రుణపడ్డవి చాలా ఉన్నాయి. ఇంగ్లీషు ఒకటి, ఉద్యోగం ఒకటి. వాటికంటే పెద్దది, సాయంత్రాలు ఆ బల్లమీద కూర్చుని ఊరికే చూడగలగడం.

వెళ్లేటప్పుడు దుకాణం మూడు మెట్లూ దిగాలి. దావూజీ అంచుదాకా తిట్టుకుంటూ వచ్చి, అక్కడ చెయ్యి గాల్లోకి చాపేవాడు, చూడకుండా. దానయ్య భుజం అక్కడికి వచ్చేది. ఒక్కో మెట్టుకీ దానయ్య ఆగేవాడు. రెండంగుళాలు, రెండంగుళాలు అంటూ తిట్లు మాత్రం ఏ మెట్టు దగ్గరా ఆగేవి కావు.